కిలోమీటరుకు మూడున్నర టన్నుల గాలి

ఎలక్ట్రిక్ కారు బ్రోచర్ చివరి పేజీలో చిన్న అక్షరాలతో ఒక పట్టిక ఉంటుంది. కొనడానికి వచ్చినవాళ్లలో చాలామంది అందులో రెండు గడులే చూస్తారు: బ్యాటరీ ఎంత, ఒక్క ఛార్జింగ్‌తో ఎంత దూరం పోతుంది. మిగతా గడులు ఇంజనీర్ల కోసమని వదిలేస్తారు. కుటుంబానికి పనికొచ్చే సంగతులు ఎక్కువగా ఉండేది ఆ వదిలేసిన గడుల్లోనే. హైస్కూల్లో చదువుకున్న భౌతికశాస్త్రం గుర్తుంటే చాలు, వాటిని మనమే చదువుకోవచ్చు.

ఉదాహరణకు కియా ఈవీ9ను తీసుకుందాం. పెద్ద కుటుంబాన్ని దృష్టిలో పెట్టుకుని, మూడు వరుసల సీట్లతో, మొదటి గీత నుంచీ ఎలక్ట్రిక్ బండిగానే రూపొందించిన ఎస్‌యూవీ అది. 2023లో లోకానికి పరిచయమైంది, 2024కు వరల్డ్ కార్ ఆఫ్ ద ఇయర్ బహుమతి అందుకుంది. 2024 అక్టోబరులో మన దేశంలోకి కొరియా నుంచి దిగుమతిగా వచ్చింది. అప్పటి షోరూమ్ ధర 1.3 కోట్లు. అంత డబ్బు పెట్టి కొనగలిగేవాళ్లు కొద్దిమందే అయినా, పెద్ద ఎలక్ట్రిక్ బండి ఏదైనా ఎదుర్కొనే లాభనష్టాలన్నీ ఈ ఒక్క బండి పట్టికలో స్పష్టంగా కనిపిస్తాయి.

ఇక్కడ అమ్మే రకం వివరాలు ఇవి. పొడవు 5 మీటర్ల పైచిలుకు, వెడల్పు 1.98 మీటర్లు, ఎత్తు 1.78 మీటర్లు, ముందు వెనక చక్రాల మధ్య దూరం 3.1 మీటర్లు. ఖాళీ బరువు 2.6 టన్నుల పైన. బ్యాటరీ 99.8 కిలోవాట్-అవర్లు. రెండు మోటార్లు కలిసి 384 హార్స్‌పవర్. సున్నా నుంచి 100 కిలోమీటర్ల వేగం 5.3 సెకన్లలో. రేంజ్ 561 కిలోమీటర్లు.

కిలోవాట్-అవర్ అన్న మాట చూసి బెదరనక్కర్లేదు. కరెంటు బిల్లులో మనం యూనిట్ అనేది దాన్నే. ఈ బండి నేల కింద పరిచిన బ్యాటరీలో దాదాపు 100 యూనిట్లు పడతాయి. నెలకు 200 యూనిట్లు కాల్చే ఇంటికి అది పదిహేను రోజుల కరెంటు. కిలోవాట్ మాత్రం వేరు. అది ఎంత ఉందో చెప్పదు, ఎంత వేగంగా ఖర్చవుతోందో, ఎంత వేగంగా నిండుతోందో చెబుతుంది. ఈ రెండింటినీ కలగలిపేస్తే మిగతా పట్టికంతా తప్పుగా అర్థమవుతుంది.

ముందు రేంజ్ సంగతి చూద్దాం. ఇదే బండికి మన దేశంలో ఏఆర్ఏఐ పరీక్ష ప్రకారం 561 కిలోమీటర్లు. యూరప్ వాళ్ల డబ్ల్యూఎల్‌టీపీ ప్రకారం 505. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్కలో 270 మైళ్లు, అంటే 435 కిలోమీటర్లు. అదే బ్యాటరీ, అవే మోటార్లు. ఎక్కువ, తక్కువల మధ్య తేడా 126 కిలోమీటర్లు. ఇందులో ఎవరి మోసమూ లేదు. బండిని రోలర్ల మీద ఎక్కించి, ముందే రాసిపెట్టుకున్న వరుసలో వేగం పెంచుతూ తగ్గిస్తూ నడుపుతారు. ఆ వరుస ఒక్కో దేశంలో ఒక్కో రకం. మన పరీక్షలో వేగం గంటకు 90 కిలోమీటర్లు దాటదు, సగటు వేగం ఊళ్లో ట్రాఫిక్‌కు దగ్గరగా ఉంటుంది. యూరప్ పరీక్షలో అరగంట పాటు సుమారు 23 కిలోమీటర్లు నడిపి, మధ్యలో 131 దాకా తీసుకెళ్తారు. అమెరికా వాళ్లు ఊరు, హైవే పరీక్షలు రెండూ చేశాక, నిజజీవితంలో ఏసీ, చలి, తొందర ఉంటాయి గనక వచ్చిన ఫలితాన్ని చాలా సందర్భాల్లో 0.7తో గుణించి తగ్గిస్తారు. ఏ పరీక్షో చెప్పకుండా రేంజ్ మాత్రమే చెబితే, ఏ మార్కెట్టో చెప్పకుండా కూరగాయల ధర చెప్పినట్టే.

మరి మన ప్రయాణానికి ఏ అంకె నమ్మాలి? ఎవరినీ నమ్మకుండా మనమే కట్టుకోవచ్చు. దానికి పట్టికలోని మూడు చిన్న గడులు చాలు: బరువు, వెడల్పు ఎత్తులు, గాలిని చీల్చే ఆకారానికి ఇచ్చే డ్రాగ్ గుణకం. ఈవీ9కు ఆ గుణకం 0.28. నిటారుగా, పెట్టెలా కనిపించే బండికి అది చాలా మంచి అంకె.

ముందు నుంచి చూస్తే ఈ బండి గాలికి అడ్డుపెట్టే వైశాల్యం సుమారు 3 చదరపు మీటర్లు. వెడల్పును ఎత్తుతో గుణించి, చక్రాల మధ్య ఖాళీ, గుండ్రటి అంచులు తీసేస్తే అంత వస్తుంది. ఒక కిలోమీటరు ముందుకు పోయేసరికి ఆ 3 చదరపు మీటర్లు 3,000 ఘనపు మీటర్ల గాలిలోంచి దూసుకెళ్తాయి. ఘనపు మీటరు గాలి బరువు 1.2 కిలోలు. అంటే కిలోమీటరుకు 3.6 టన్నుల గాలిని బండి దారి నుంచి తప్పించాలి. అది బండి బరువు కంటే ఎక్కువ. గాలికి బరువుంటుందని పుస్తకంలో చదువుకుంటాం గానీ, హైవే మీద మన బండి తనకంటే బరువైన గాలిని ప్రతి కిలోమీటరుకూ పక్కకు నెడుతోందని ఎప్పుడూ అనుకోం. నాకు ఈ లెక్కలో అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది ఇదే.

ఆ గాలినంతా బండి వేగానికి తీసుకురావాల్సి వస్తే పట్టే శక్తి, దాని బరువులో సగాన్ని వేగం వర్గంతో గుణిస్తే వస్తుంది. ఆకారం మంచిది గనక అందులో 0.28 వంతే ఖర్చవుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఈ లెక్క కడితే 100 కిలోమీటర్ల దూరానికి గాలి తినేది 10.8 యూనిట్లు.

రెండో ఖర్చు టైర్లది. టైరు నేలను తాకిన చోట నొక్కుకుని, వదలగానే మళ్లీ సాగుతుంది. ఈ క్రమంలో కొంత శక్తి వేడిగా పోతుంది. మంచి టైరుకు, మంచి రోడ్డుకు ఈ నష్టం బరువులో నూరో వంతుకు సమానమైన బలం. మనుషులతో సామానుతో కలిపి బండి 3 టన్నులు అనుకుంటే, 100 కిలోమీటర్లకు టైర్లు తినేది 8.2 యూనిట్లు. ఇది వేగంతో పెద్దగా మారదు. 60లో పోయినా 120లో పోయినా దాదాపు అంతే.

రెండూ కలిపితే 19. మోటారు, ఇన్వర్టరు, గేర్లలో ఎనిమిదో వంతు పోతుందనుకుంటే దాదాపు 21.5. ఏసీ, దీపాలు, తెరలు, పంపులు కలిసి ఒకటిన్నర కిలోవాట్ లాగితే ఆ గంటలో ఇంకో ఒకటిన్నర. మొత్తం 23 యూనిట్లు. బ్యాటరీని చివరి బొట్టు దాకా వాడనివ్వరు. చేతికొచ్చేది 96 అనుకుంటే 100 వేగంలో సుమారు 415 కిలోమీటర్లు పోతాం. అమెరికా వాళ్ల 435కు ఎంత దగ్గరో చూడండి. కాగితం, కలం, మూడు గడులు, బ్యాటరీ అంకె, కొన్ని మామూలు అంచనాలు తప్ప మనం వాడింది ఏమీ లేదు.

ఇప్పుడు వేగం మార్చి చూద్దాం. 80లో గాలి ఖర్చు 10.8 నుంచి 6.9కి పడిపోతుంది. మొత్తం 19 యూనిట్లు, 500 కిలోమీటర్లు. 120కి పెంచితే గాలి ఒక్కటే 15.6 తింటుంది. మొత్తం 28, దూరం 340. సుమారు 87 కిలోమీటర్ల వేగం దాకా టైర్ల ఖర్చుదే పైచేయి, అది దాటాక గాలిది. మన దేశపు పరీక్ష 90 దగ్గర ఆగిపోతుందని పైన చెప్పుకున్నాం. గాలి తన బలం చూపించడం మొదలుపెట్టే చోటే పరీక్ష ముగుస్తోందన్నమాట. 561 అన్న అంకె అంత పెద్దగా రావడానికి ముఖ్య కారణం అదే.

హైదరాబాద్ నుంచి తిరుపతికి సుమారు 560 కిలోమీటర్లు. బ్రోచర్ ప్రకారమైతే మధ్యలో ఆగకుండా చేరిపోవాలి. మన లెక్కలో 100 వేగంతో దాదాపు 130 యూనిట్లు కావాలి, దిగేటప్పటికి పదిహేను యూనిట్లయినా మిగిలి ఉండాలి. 96తో బయల్దేరితే దారిలో 50 దాకా ఎక్కించుకోవాలి. 80లో పోతే 25 చాలు. ఏదైనా ఒక్కసారి ఆగక తప్పదు. అయితే ఆ ఆగడం టీ తాగేంతసేపా, భోజనం చేసేంతసేపా అన్నది వేగం మీద, ఛార్జర్ మీద ఆధారపడి ఉంటుంది.

ఏసీ గురించి ఒక మాట. గాలి, టైర్ల ఖర్చు కిలోమీటరు లెక్క, ఏసీది గంట లెక్క. మే నెల మధ్యాహ్నం మూడు వరుసలూ చల్లబరచడానికి రెండున్నర కిలోవాట్లు లాగుతోందనుకుందాం. హైవేలో 100 కిలోమీటర్లు గంటలో అయిపోతాయి గనక ఏసీ ఖర్చు రెండున్నర యూనిట్లే. అదే నగరంలో, గంటకు 20 కిలోమీటర్లు కూడా కదలని సాయంత్రపు ట్రాఫిక్‌లో, 100 కిలోమీటర్లకు ఐదు గంటలు పడుతుంది. ఏసీ పన్నెండున్నర యూనిట్లు మింగేస్తుంది. అక్కడ గాలి ఖర్చు లేనట్టే. అందుకే రేంజ్ తగ్గిందని హైవేలో ఏసీ ఆపేసి పిల్లల్ని ఉక్కబోతలో కూర్చోబెట్టడం అనవసరమైన త్యాగం. వేగం పది కిలోమీటర్లు తగ్గిస్తే దాదాపు అంతే మిగులుతుంది. చికాగో, మినియాపోలిస్ చలిలో ఉండే మనవాళ్లకు సంగతి ఇంకా గట్టిగా తగులుతుంది. చల్లటి గాలి చిక్కగా ఉంటుంది, దాన్ని చీల్చడం కష్టం, దానికి తోడు హీటర్ ఖర్చు.

బరువంటే అందరికీ భయం. సమతలమైన హైవేలో మాత్రం అది అంత పెద్ద శత్రువు కాదు. 300 కిలోలు అదనంగా ఎక్కిస్తే 100 కిలోమీటర్లకు పెరిగేది ఒక యూనిట్ లోపే. ఆగుతూ కదులుతూ పోవడంలోనూ ఎలక్ట్రిక్ బండికి ఒక వెసులుబాటు ఉంది. 3 టన్నుల బండి 100 వేగంలో ఉన్నప్పుడు అందులో దాగిన గతిశక్తి 0.32 యూనిట్. పెట్రోలు బండి బ్రేకు తొక్కితే అదంతా డిస్కుల్లో వేడిగా పోతుంది. ఇక్కడ మోటారే జనరేటరుగా మారి సగానికి పైగా వెనక్కి తెచ్చుకోగలదు. తిరుపతి నుంచి తిరుమల కొండ ఎత్తు సుమారు 700 మీటర్లు. అంత ఎత్తుకు 3 టన్నులు ఎక్కించడానికే 5.7 యూనిట్లు కావాలి, టైర్ల ఖర్చు వేరే. దిగేటప్పుడు అందులో మంచి భాగం తిరిగొస్తుంది, బ్రేకులు కాగిపోవు. ఘాట్ రోడ్డులో భయపడేవాళ్లకు నేను చెప్పే మొదటి మంచి మాట ఇదే.

5.3 సెకన్ల పికప్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. వెనక వరుసలో నిద్రపోతున్న పిల్లలున్న బండికి అది అవసరం లేని అంకె.

ఛార్జింగ్ దగ్గరకు వద్దాం. బ్రోచర్లో 800 వోల్టుల సాంకేతికత అని గొప్పగా రాస్తారు. అసలు ఈ బ్యాటరీ నామమాత్రపు వోల్టేజీ 552. 800 అన్నది ఆ ప్లాట్‌ఫామ్ తరగతి పేరు. అయినా లాభం నిజమే. వైరులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వోల్టేజీ రెట్టింపైతే అదే శక్తికి కరెంటు సగం, వేడి నాలుగో వంతు. అందుకే సన్నటి కేబులుతో, అది కాగిపోకుండా, ఎక్కువ శక్తి లోపలికి పంపగలరు. 10 శాతం నుంచి 80 శాతానికి 24 నిమిషాలని కంపెనీ చెబుతుంది. అంటే 70 యూనిట్లు 24 నిమిషాల్లో, సగటున 175 కిలోవాట్లు. కంపెనీలు గొప్పగా చెప్పుకునే గరిష్ఠ వేగం కంటే ఈ సగటే మనకు కావలసింది, ఎందుకంటే గరిష్ఠం కొద్ది నిమిషాలే నిలవచ్చు. 80 దాటాక లిథియం అయాన్లు ఎలక్ట్రోడులో చోటు వెతుక్కోవడం కష్టమై, తొందరపెడితే లోహంగా పేరుకుపోయే ప్రమాదం ఉంటుంది. అందుకే బండే ఛార్జింగ్ వేగం తగ్గించేసుకుంటుంది.

అయితే ఆ 24 నిమిషాలు 350 కిలోవాట్ల ఛార్జర్ ఉంటేనే. మన హైవేల మీద తరచుగా దొరికే 60 కిలోవాట్ల ఛార్జర్ దగ్గర అవే 70 యూనిట్లకు గంటా పది నిమిషాలు పడుతుంది. పక్కనే ఇంకో కారు తగిలిస్తే కొన్ని చోట్ల శక్తి రెండుగా చీలిపోతుంది. బండి ఎంత తీసుకోగలదన్నది ఒక లెక్క, మీరు వెళ్లే దారిలోని ఛార్జర్ ఎంత ఇవ్వగలదన్నది ఇంకో లెక్క. రెండింట్లో తక్కువదే మీ వేగం. కొనేముందు చూడాల్సింది మీ ఊరి దారిలో ఉన్న ఛార్జర్లను.

ఇక లోపలికి వెళ్దాం. చక్రాల మధ్య 3.1 మీటర్ల దూరం ఉండడం కుటుంబానికి ఈ పట్టికలో అన్నిటికన్నా మంచి వార్త. ముందు ఇంజన్ లేదు గనక చక్రాలను మూలలకు జరిపేశారు, మధ్యలో గొట్టం గానీ ఉబ్బు గానీ లేని చదునైన నేల వచ్చింది. కానీ ఆ నేల కింద అర టన్ను దాటిన బ్యాటరీ ఉంది. దానివల్ల నేల ఎత్తుగా ఉంటుంది. నేల పెరిగి సీటు పెరగకపోతే మోకాళ్లు పైకి లేచి తొడలకు ఆనిక ఉండదు. ఈ ఇబ్బంది మూడో వరుసలో ఎక్కువగా తెలుస్తుంది. దీన్ని చెప్పే గడి ఏ పట్టికలోనూ ఉండదు. ఇంట్లో అందరికన్నా పొడగరిని షోరూమ్‌లో అక్కడ పావుగంట కూర్చోబెట్టడం తప్ప వేరే పరీక్ష లేదు. అమ్మమ్మ, తాతయ్య ఎక్కి దిగగలరా అన్నది కూడా అప్పుడే చూసుకోవాలి.

మూడు వరుసలూ నిలబెడితే డిక్కీలో మిగిలేది 333 లీటర్లు. ఒక పెద్ద సూట్‌కేసు వంద లీటర్ల దాకా ఉంటుంది. మూడు పట్టొచ్చు, అవీ ఆకారం కుదిరితేనే. ఆరుగురు పెళ్లికి బయల్దేరితే సామాను సంగతి ముందే ఆలోచించుకోవాలి. మూడో వరుస మడిస్తే 828 లీటర్లు. మనుషులు కావాలా సామాను కావాలా అన్నది పెద్ద బండిలోనూ తప్పని ప్రశ్న.

మోయగల బరువు కూడా అంతే ముఖ్యం. నిండు బరువు పరిమితిలోంచి ఖాళీ బరువు తీసేస్తే వచ్చేది అది. ఆరుగురు పెద్దవాళ్లు తలకు 70 కిలోల చొప్పున 420, సామాను తలకు 15 చొప్పున 90. మొత్తం 510 కిలోలు. ఏ మూడు వరుసల బండి కొన్నా ఈ తీసివేత చేసి చూడండి. బ్యాటరీ బరువు ఖాళీ బరువులో చేరిపోతుంది గనక ఎలక్ట్రిక్ బండికి ఇది మరీ అవసరం. పైన క్యారియర్ కట్టే ఆలోచన ఉంటే రూఫ్ పరిమితి వేరుగా ఉంటుంది, పైగా గాలి లెక్కంతా మారిపోతుంది.

బయట నడిచేవాళ్ల గురించి కూడా మాట్లాడాలి. యూరప్‌లో కొత్త కార్ల భద్రతను పరీక్షించే యూరో ఎన్‌క్యాప్ 2023లో ఈ బండికి 5 నక్షత్రాలు ఇచ్చింది. లోపలి పిల్లల రక్షణకు 88 శాతం, రోడ్డు మీద నడిచేవాళ్లు, సైకిలు, టూవీలరు మీద పోయేవాళ్ల రక్షణకు 76. అమెరికాలో రోడ్డు భద్రతపై పరిశోధించే ఐఐహెచ్ఎస్ సంస్థ అదే ఏడాది ప్రచురించిన అధ్యయనంలో, బానెట్ ఎత్తు 40 అంగుళాలు దాటిన బండ్లు పాదచారులను గుద్దినప్పుడు, బానెట్ తక్కువ ఎత్తులో, వాలుగా ఉన్న కార్లతో పోలిస్తే ప్రాణం పోయే అవకాశం సుమారు 45 శాతం ఎక్కువని తేలింది. మన రోడ్ల మీద ఎక్కువమంది నడిచేవాళ్లు, టూవీలరు మీద వెళ్లేవాళ్లే. 3 టన్నుల బండి 5 సెకన్లలో 100 అందుకోగలగడం వాళ్లకు భద్రతను పెంచదు. కుటుంబం కోసం బండి ఎంచుకునేటప్పుడు పక్కవాళ్ల కుటుంబాన్ని కూడా లెక్కలో వేసుకోవాలని నా గట్టి అభిప్రాయం. భద్రతా పరీక్షల పట్టికలో నడిచేవాళ్ల రక్షణకు ఒక గడి ఉంటుంది, అడిగి చూడాలి.

ఈవీ9 తయారుచేసే కియాయే 2025 జులైలో కారెన్స్ క్లావిస్ ఈవీ అని ఇంకో మూడు వరుసల ఎలక్ట్రిక్ బండిని మన దేశంలో విడుదల చేసింది. అది తయారయ్యేది ఆంధ్రప్రదేశ్‌లో, పెనుకొండ దగ్గరి ఫ్యాక్టరీలో. ఏడుగురు కూర్చోవచ్చు. పొడవు 4.55 మీటర్లు, పెద్ద బ్యాటరీ రకంలో 51.4 యూనిట్లు, ఏఆర్ఏఐ రేంజ్ 490 కిలోమీటర్లు. బ్యాటరీ సగం, దూరం మాత్రం 71 కిలోమీటర్లే తక్కువ! ఒకే పరీక్ష గనక ఇక్కడ పోల్చడం న్యాయమే. 51.4ను 490తో భాగిస్తే 100 కిలోమీటర్లకు పదిన్నర యూనిట్లు. ఈవీ9కు 99.8ను 561తో భాగిస్తే 17.8. నేను ఏ ఎలక్ట్రిక్ బండి పట్టిక చూసినా మొదట చేసే భాగహారం ఇది. బండి పొదుపరో కాదో ఇంతకంటే త్వరగా తెలియదు. చిన్న బండికి విలాసం తక్కువ, ఛార్జింగ్ నిదానం, ఇరుకు కూడా. కానీ ఆకారమూ బరువూ తగ్గించుకోవడం వల్ల పెద్ద బ్యాటరీతో పనిలేకుండా పోయింది.

ఈ తేడా పొగ లెక్కలోనూ కనిపిస్తుంది. మన దేశంలో ఒక యూనిట్ కరెంటు తయారైతే గాల్లోకి వెళ్లే బొగ్గుపులుసు వాయువు సగటున 0.7 కిలోల చుట్టుపక్కల, ఇంకా బొగ్గు మీదే ఎక్కువగా ఆధారపడి ఉన్నాం కాబట్టి. ఛార్జింగ్ నష్టాలు కలుపుకుంటే ఈవీ9 హైవేలో 100 కిలోమీటర్లకు 25 యూనిట్లు, అంటే పదిహేడున్నర కిలోల వాయువు. లీటరుకు 13 కిలోమీటర్లు ఇచ్చే డీజిల్ ఏడు సీట్ల బండి అదే దూరానికి 7.7 లీటర్లు కాల్చి 21 కిలోల దాకా వదులుతుంది. పెద్ద ఎలక్ట్రిక్ బండి మెరుగే, కానీ ఆ మెరుగు అంత గొప్పది కాదు. పై భాగహారంలో వచ్చిన నిష్పత్తే హైవేకూ వర్తిస్తుందనుకుంటే క్లావిస్ లాంటి బండికి 15 యూనిట్లు, పదిన్నర కిలోలు చాలు. డీజిల్‌తో పోలిస్తే సగం.

ఇంటి పైకప్పు మీద 3 కిలోవాట్ల సోలార్ పలకలున్నవాళ్లకు లెక్క మారుతుంది. మన ఎండకు అవి రోజుకు 12 యూనిట్ల దాకా ఇస్తాయి. దాంతో ఈవీ9 హైవేలో 48 కిలోమీటర్లు పోతుంది, క్లావిస్ 80. అయితే ఆ యూనిట్లు పుట్టేది పదింటి నుంచి నాలుగింటి మధ్య. ఆ సమయానికి బండి ఆఫీసు సెల్లార్‌లో ఉంటే అవి గ్రిడ్‌కు వెళ్లిపోతాయి, రాత్రి ఇంటికొచ్చిన బండి నింపుకునేది ఎక్కువగా బొగ్గు కరెంటునే. పగలు బండి ఇంటి దగ్గరుండే కుటుంబాలూ, ఉద్యోగుల బండ్లకు మధ్యాహ్నం పూట ఛార్జింగ్ ఏర్పాటు చేసే ఆఫీసులూ దీనికి పరిష్కారం చూపగలవు. బండి కొనేవాళ్లు షోరూమ్‌లో అడిగే ప్రశ్నలతో పాటు, పనిచేసే చోట అడగాల్సిన ప్రశ్న కూడా ఒకటుంది: పార్కింగ్‌లో ప్లగ్ పెట్టిస్తారా అని.